ఆప్షన్లు పెట్టే ముందు

తల్లీ,

ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంటి ఆడపిల్లల్లో ఇంజనీరింగ్ గడప తొక్కబోయే మొదటిదానివి నువ్వే. రాజాంలో మా వీధంతా చెప్పుకుని వచ్చాను. కానీ మొన్నటిదాకా ఎలక్ట్రికల్ అన్న పిల్లవి, ఇప్పుడు కంప్యూటర్ సైన్స్ తప్ప మరొకటి వద్దంటున్నావట. ఎందుకంటే "ఉద్యోగాలన్నీ అందులోనే" అన్నావట. అక్కడే నా గుండెల్లో రాయి పడింది.

సర్టిఫికెట్లు సర్దుకో, కౌన్సెలింగ్‌లో కాలేజీ, శాఖ ఆప్షన్లు ఆఖరి గంట దాకా ఆపకు. అవి నీకు చెప్పక్కర్లేదు. మీ పెద్దన్నయ్య సంగతి మాత్రం చెప్పాలి, అప్పటికి నీకు ఊహ తెలియదు.

వాడికి యంత్రాలంటే ప్రాణం. పొలంలో ఆయిల్ ఇంజను మొరాయిస్తే విప్పి, ముక్కలన్నీ గోనెపట్టా మీద వరుసగా పరిచి, చీకటి పడేలోగా తిరిగి బిగించేవాడు. 2005లో ఊరంతా కంప్యూటర్ల వెంట పడుతోందని మీ పెదనాన్న వాణ్ని అందులోనే చేర్చాడు. ఆఖరి ఏడాది ఉద్యోగం ఖాయమైంది, స్వీట్లు పంచారు. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. అక్కడి కంపెనీల పనుల మీద బతికే మన సాఫ్ట్‌వేర్ సంస్థలు కొత్తవాళ్లను చేర్చుకోవడం వాయిదా వేశాయి. 2009లో చదువు ముగిసినా పిలుపు రాలేదు. వాడు రోజూ నెట్ సెంటరుకు వెళ్లి మెయిల్ చూసుకునేవాడు. ఆఫర్ లెటర్‌ను మీ పెద్దమ్మ ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో చీరల కింద దాచింది. ఇష్టపడి చదివినదైతే ఆ ఖాళీలో ఏదో ఒకటి నేర్చుకునేవాడు. వాడికి పుస్తకం తెరవడమే విసుగు.

ఆ దెబ్బకు బెదిరి, అదే 2009లో చిన్నవాణ్ని సివిల్‌లో చేర్పించారు. 2013లో వాడు బయటికి వచ్చేసరికి కట్టడాల పనులు మందగించాయి, కంప్యూటర్లకు కళ తిరిగి వచ్చింది. ఒకే ఇంట్లో రెండుసార్లూ నిన్నటి వార్త చూసి రేపటి చదువు ఎంచుకున్నారు.

చదువుకు నాలుగేళ్లు పడుతుంది, ఉద్యోగాల గాలి అంతకాలం ఒకే వైపు వీచదు. గిరాకీ చూసి అందరూ ఒక్కసారే చేరతారు, ఒక్కసారే బయటికొస్తారు. 2021లో కంపెనీలు విరివిగా తీసుకోవడం చూసి చేరినవాళ్లకు 2025లో ఆ జోరు కనిపించలేదు. పైగా శాఖకు ఇన్నే సీట్లన్న పరిమితిని, ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. సీట్లు పెరిగినంత వేగంగా పాఠం చెప్పేవాళ్లు పెరుగుతారా? కాలేజీకి వెళ్లి రెండో ఏడాది పిల్లలను అడుగు: ల్యాబులో ఒక్కో కంప్యూటర్ ముందు ఎందరు కూర్చుంటున్నారు, చెప్పే మాస్టారు ఏడాదంతా ఉన్నారా అని.

కంప్యూటర్లు వద్దనడం లేదమ్మా. ఎలక్ట్రికల్ భద్రమనీ అనను. బొబ్బిలిలో ఉక్కులో కలిపే లోహాలు చేసే ఫెర్రో అల్లాయ్స్ కొలుములు కరెంటుతోనే కాగుతాయి, ఆ కరెంటు ధర పెరిగితే ముందు ఆరిపోయేవీ అవే. మూలపేట పోర్టు పేరు చెప్పి సివిల్ తీసుకోమనేవాళ్లూ వస్తారు. కట్టేటప్పుడు కావలసినంత మంది, కట్టాక అక్కర్లేదు. ఉద్యోగం ఏడాది ఆలస్యమైనా విసుగు లేకుండా నువ్వు ఏ పుస్తకం పట్టుకుని కూర్చోగలవు? ఆ శాఖ పేరు మొదటి ఆప్షన్‌గా పెట్టు. అది కంప్యూటర్ సైన్సే అయితే నేనే వచ్చి చేర్పిస్తాను.

ఒక్క విషయంలో మాత్రం నా మాట దాటకు. కోరిన శాఖ రాలేదని మేనేజ్‌మెంట్ సీటుకు ఒప్పుకోకు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా సీటుకే వస్తుంది, దీనికి రాదు. మీ నాన్నకు నీ మీద ఉన్న ప్రేమ నాకు తెలుసు, అడక్కుండానే పొలం కాగితాలు తీస్తాడు. తీసిన రోజే నాకు ఫోన్ చెయ్యి, రాత్రయినా సరే.

నీ మేనత్త