ఉదయగిరి చెక్క గరిటెల షాపు: లెక్క ఎందుకు తేలడం లేదంటే

ఉదయగిరి చెక్క గరిటెలు నెల్లూరులో షాపు పెట్టి అమ్మితే నెలకు ఎంత మిగులుతుందని ఎనిమిది నెలలుగా అంచనా వేస్తున్నా లెక్క తేలడం లేదని మీరు అడిగారు. మీ లెక్కలో తప్పు లేదు, అడుగుతున్న ప్రశ్నే తప్పు. అమ్మి చూడకుండా ఆ అంకె ఎవరికీ తెలియదు.

సరస్ సరస్వతి అనే ప్రొఫెసర్ అనుభవమున్న 27 మంది వ్యాపారవేత్తలకు ఒకే సమస్య ఇచ్చి, పైకి మాట్లాడుతూ ఆలోచించమన్నారు. ఎక్కువమంది లాభం అంచనాతో మొదలుపెట్టలేదు. చేతిలో ఏముంది, పోతే ఎంతవరకు తట్టుకోగలం అని చూశారు. 2001లో ఆమె రాసిన వ్యాసంతో ఈ పద్ధతి చాలామందికి తెలిసింది. మీరూ అలాగే చేయండి.

1. చేతిలో ఉన్నవి రాయండి. మీ మామయ్యకు చెక్కే పని వచ్చన్నారు, అదే పెద్ద పెట్టుబడి.

2. ఎంత సొమ్ము మొత్తం పోయినా ఇల్లు గడుస్తుందో తేల్చండి. అందరూ వదిలేసేది ఇదే. ఒంగోలులో పచ్చళ్లు మొదలుపెట్టే ముందు నేనూ మా ఆవిడా కూర్చుని పిల్లల ఫీజు, చీటీ వాయిదా, నాలుగు నెలల సరుకుల ఖర్చు పక్కన తీసేశాం. మిగిలింది 18,000. ఇంతకు మించి పోగొట్టుకోం అని దాని కింద గీత గీశాక సగం టెన్షన్ పోయింది. అప్పు తెచ్చిన డబ్బు ఇందులో కలపొద్దు. ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే రాయండి, రేపు మాట రాదు.

3. ఆ సొమ్ముకు సరిపడా సరుకే తెచ్చి, అద్దె షాపు తీసుకోకముందే నెల్లూరు ట్రంకు రోడ్డులో రెండు పాత్రల కొట్లలో పెట్టించండి. "బాగున్నాయి" అన్నవాళ్లను లెక్కపెట్టొద్దు, అడ్వాన్సు ఇచ్చినవాళ్లనే రాసుకోండి.

అమ్ముడైతే వచ్చిన డబ్బుతోనే రెండో విడత తెప్పించండి. నష్టం మీరు గీసుకున్న గీత దగ్గరికి వస్తే ఆపేయండి.