హైదరాబాద్ ఏరియా పేర్లలో తోక చూడండి, నేల సంగతి తెలుస్తది

బేగంపేట, హబ్సిగూడ, పంజాగుట్ట లాంటి పేర్లు సగం ఉర్దూ సగం తెలుగు ఎందుకున్నాయి, దీనికేమైనా పద్ధతి ఉందా లేక ఎవరికి తోచినట్టు వాళ్ళు పెట్టేశారా అని అడిగారు కదా. పద్ధతి ఉందండి. పేరు ముందు భాగంలో ఎక్కువగా మనిషి ఉంటాడు, వెనక తోకలో నేల ఉంటది. ఆ మనిషి పేరు ఉర్దూలోనో ఫార్సీలోనో ఉంటది, నేల పేరు మాత్రం చాలాసార్లు తెలుగులోనే ఉండిపోయింది. అన్ని పేర్లూ ఇట్లనే ఉంటాయని కాదు గానీ మీరు అడిగిన రకం పేర్లకి ఇది బాగా సరిపోతది.

నేను భూముల లింక్ డాక్యుమెంట్లు, అంటే భూమి ఒకరి నుంచి ఒకరికి ఎట్లా వచ్చిందో చెప్పే పాత కాగితాలు, చూసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నా. పాత కాగితాలు, ముఖ్యంగా నిజాం టైంవి, ఉర్దూలో ఉంటాయి, నాకు చదవడం రాదు, పాతబస్తీలో ఒక చాచా దగ్గరికి తీసుకెళ్తే ఆయన వేలు పెట్టి ఒక్కో లైను చదివి చెప్తాడు. హద్దులు దగ్గరికొచ్చేసరికి షుమాల్, జునూబ్, మష్రిక్, మగ్రిబ్ అని నాలుగు దిక్కులూ ఉర్దూలోనే నడుస్తాయి, కానీ ఆ దిక్కున ఏముంది అంటే కుంట, గుట్ట, వాగు, కట్ట. అన్నీ తెలుగు మాటలే, ఉర్దూ లిపిలో రాసి ఉంటాయి. మొదటిసారి విన్నప్పుడు చాచా చదువుతున్నాడా లేక నాకోసం తెలుగులో చెప్తున్నాడా అని అడిగా. లేదు, కాగితం మీద అట్లనే ఉంది అని మళ్ళీ వేలు పెట్టి చూపించాడు. రాసిన మున్షీకి ఆ కుంట కుంటే, దానికి వేరే మాట వెతకాల్సిన అవసరం పడలేదు. ఏరియాల పేర్లు కూడా ఇట్లనే పుట్టాయని నాకు అప్పుడే అర్థమైంది, రెండు భాషలూ రోజూ మాట్లాడేవాళ్ళ నోట్లో అవి తయారయ్యాయి, ఆఫీసులో కూర్చుని ఎవరో అతికించినవి కావు.

తలాబ్‌కట్టనే చూడండి. తలాబ్ అంటే చెరువు, కట్ట మన కట్టే. హబ్సిగూడలో హబ్షీలు, అంటే ఆఫ్రికా వైపు నుంచి వచ్చినవాళ్ళు, వెనక తెలుగు గూడ. ఆ ఆఫ్రికా సైనికుల గుర్తు ఏసీ గార్డ్స్ పేరులో కూడా ఉంది, అక్కడ ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ (కొందరు అబిసీనియన్ కావల్రీ అంటారు), అంటే గుర్రపు దళం. బర్కస్ అయితే బ్యారక్స్ అనే ఇంగ్లిష్ మాట జనం నోట్లో నలిగి అట్లా అయింది, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం సైన్యంలో ఉండి అక్కడ స్థిరపడ్డారు. మూసారాంబాగ్‌లో ఉన్నది రాముడు కాదు, నిజాం దగ్గర సేనాపతిగా పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచ్ మనిషి రేమండ్. మూసియే రేమండ్‌ని జనం మూసారాం చేసుకున్నారు, ఇప్పుడు మెట్రో స్టేషన్ బోర్డు మీద కూడా అదే పేరు.

ఒక జాగ్రత్త. ముందు భాగం గురించి వినే కథలన్నీ నమ్మొద్దు. టోలిచౌకికి, సోమాజిగూడకి ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు, వాట్సాప్‌లో తిరిగేవి ఇంకా ఎక్కువ. తోకలు అట్లా కాదు, కుంట అంటే కుంటే, గుట్ట అంటే గుట్టే, బౌలి అంటే పెద్ద బావే. గచ్చిబౌలి, దూద్‌బౌలి, పుత్లీబౌలి అన్నీ బావుల పేర్లే.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది నీళ్ళ పేర్లు. నల్లకుంట, చింతల్‌కుంట, మాసాబ్ ట్యాంక్. మాసాబ్ అంటే మాసాహెబా, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగంని అట్లా పిలిచేవాళ్ళు, హయత్‌నగర్ కూడా ఆమె పేరే. ఆ ట్యాంక్ ఇప్పుడు లేదు, చాచా నెహ్రూ పార్క్ ఉన్నది ఆ చెరువు జాగాలోనే. చెరువు పోయినా పేరు పోలేదు, నేల వాలు అసలే పోలేదు, పెద్ద వాన వస్తే నీళ్ళు పాత దారినే వెతుక్కుంటూ వస్తాయి. 2020 అక్టోబర్‌లో పల్లెచెరువు కట్ట తెగి ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ ఎట్లా మునిగిందో అందరం చూశాం. పేర్ల గురించి ఇంత పట్టుదలగా రాయడానికి కారణం ఇదే, వీటిని సరదా విషయంగా తీసుకుంటే నాకు బాధ అనిపిస్తది.

ఇంకో రకం పేర్లు ఉన్నాయి, రోడ్డు మీద బోర్డుల్లో కనపడవు, రెవెన్యూ రికార్డుల్లో మాత్రమే ఉంటాయి. ఐటీ కంపెనీలు ఉన్న రాయదుర్గం రికార్డుల్లో ఒక్క ఊరు కాదు, రాయదుర్గ్ పన్‌మక్తా, రాయదుర్గ్ పైగా, రాయదుర్గ్ నవ్‌ఖాల్సా అని వేరువేరు. పైగా అంటే నిజాం కింద పెద్ద జాగీర్లు ఉన్న పైగా నవాబుల ఎస్టేట్, మక్తా అంటే ఏడాదికి ఇంత అని కట్టే ఒప్పందం మీద ఇచ్చిన భూమి, ఖాల్సా అంటే నేరుగా సర్కారుది. శేరిలింగంపల్లిలో శేరి కూడా ఇట్లాంటిదే, జాగీర్దారో జమీందారో సొంతానికి సాగు చేయించుకునే భూమి. 1949లో జాగీర్లు రద్దయినా పేర్లు అట్లనే నిలబడ్డాయి, దానివల్ల ఇప్పటికీ ఒక సర్వే నంబర్ చూసేటప్పుడు అది పైగాలోదా ఖాల్సాలోదా అని ముందు తేల్చుకోవాలి, లేకపోతే పక్క ఊరి రికార్డు పట్టుకుని కూర్చుంటాం.

సిటీ దాటి ముంబై హైవే మీద పడమరకి పోతే భాషల సంగతి ఇంకోలా ఉంటది. పటాన్‌చెరు తీసుకోండి, కళ్యాణి చాళుక్యుల శాసనాల్లో వచ్చే పొట్టలకెరె ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. కెరె కన్నడ, చెరు తెలుగు, రెండూ చెరువే. వెయ్యేళ్ళ కింద కన్నడ రాజుల శాసనంలో ఒక తోక, ఇప్పుడు మన నోట్లో ఇంకో తోక, ఊరు మాత్రం అదే. ఇంకా ముందుకి పోయి నారాయణఖేడ్ వైపు వెళ్తే ఖేడ్ తోక మొదలైతది, అది మరాఠీ వైపు మాట. మన పల్లి కూడా కన్నడంలోకి పోతే హళ్ళి అయితది, పాత కన్నడంలోని ప తర్వాత్తర్వాత హ గా మారింది కాబట్టి. 1956 నవంబర్ 1న హైదరాబాద్ స్టేట్‌ని భాషల ప్రకారం మూడు ముక్కలు చేసినప్పుడు బీదర్ జిల్లాలో ఒక భాగం మైసూర్‌కి (ఇప్పటి కర్ణాటక) పోయింది, జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు మాత్రం మనకొచ్చి మెదక్‌లో కలిశాయి. మ్యాప్ మీద గీత ఒక్కరోజులో పడింది గానీ అక్కడి సంతల్లో ఇప్పటికీ తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిపే మాట్లాడతారు, ఊళ్ళ పేర్లు కూడా ఆ గీతని పట్టించుకోవు.

చివరగా, మీరు ఫ్లాటో ప్లాటో చూసే ఆలోచనలో ఉండి ఇది అడిగి ఉంటే, బ్రోచర్ మీద ఉండే వెంచర్ పేరు పక్కన పెట్టండి. లింక్ డాక్యుమెంట్ అడిగి రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబర్, నాలుగు హద్దులు చదవండి. హద్దుల్లో ఎక్కడైనా కుంట, చెరువు, నాలా, శిఖం (చెరువు లోపలి నేల) అనే మాట కనపడితే 1954-55 ఖాస్రా పహాణీ, అంటే అప్పటి రెవెన్యూ భూమి రికార్డు, తీయించి, ఆ చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్ళు వచ్చే హద్దు) మ్యాప్‌తో సరిచూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఉర్దూ కాగితం ఉంటే దాన్ని పక్కన పడేయకండి, చదివేవాళ్ళు పాతబస్తీలో ఇంకా ఉన్నారు.