టెక్ సందేహాలు: ఐడిల్ ఊగుతోందా? వాల్వ్ కొనేముందు ఫోన్‌లో ఇది చూడండి

ప్రశ్న: మాది 2012 మోడల్ పెట్రోల్ కారు. ఇంజిన్ వేడెక్కాక కూడా బెంజ్ సర్కిల్‌లో ఆగినప్పుడల్లా ఆర్‌పీఎం 1000కీ 1600కీ మధ్య ఊగుతోంది. ఆటోనగర్‌లో చూపిస్తే ఐడిల్ వాల్వ్ మార్చాలన్నారు. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొంటే అసలు లోపం తెలుస్తుందా?
– పటమట నుంచి ఒక పాఠకుడు

జవాబు: స్కానర్ పనికొస్తుందండీ. వాల్వ్ మాత్రం అప్పుడే కొనకండి. మన దేశంలో ఓబీడీ (ఇంజిన్ లోపాలను కారే కనిపెట్టి నమోదు చేసే ఏర్పాటు) 2010 ఏప్రిల్ నుంచి, దాని రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. మీ కారు ఆ మధ్యది కాబట్టి స్కానర్ గుచ్చే సాకెట్ ఉన్నా చవక స్కానర్ కనెక్ట్ కాకపోవచ్చు. ముందు తెలిసినవాళ్ల స్కానర్ పెట్టి చూడండి.

కనెక్ట్ కాగానే అందరూ ఎర్రర్ కోడ్‌లు వెతుకుతారు. కోడ్ లేకపోతే లోపమే లేదనుకుంటారు. మీరు ఫోన్‌లో స్కానర్ యాప్ తెరిచి, లైవ్ డేటాలో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ చూడండి. రాత్రంతా ఆగిన కారుకి పొద్దున్నే, స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే కూలెంట్, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్లు దాదాపు ఒకటే ఉండాలి. గాలి 29, కూలెంట్ 5 అని చూపిస్తే సెన్సరో, దాని వైరింగో పోయినట్టే.

తర్వాత గన్నవరం దాకా వెళ్లిరండి. కూలెంట్ అంకె 80 డిగ్రీలు దాటి నిలకడగా ఉండాలి. 60 దగ్గరే ఆగిపోతే, అసలు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) ఉందా అని మెకానిక్‌ని అడగండి. మన ఎండలకి ఇంజిన్ కాగిపోతుందని దాన్ని పీకేసే అలవాటు కొందరికి ఉంది. ఇది చాలా తప్పు పని. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ఐడిల్ పెంచే ఉంచుతుంది, పెట్రోలూ ఎక్కువ పోస్తుంది.

టెంపరేచర్ బాగుంటే అనుమానం గాలి మీదికి మళ్లాలి. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే తలుపు) మూసి ఉన్నా, దాని తర్వాత కలిసే పగిలిన వాక్యూమ్ పైపులోంచి గాలి దూరితే ఆర్‌పీఎం పెరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంత వేగమెందుకని ఈసీయూ పెట్రోల్ ఆపేస్తుంది. ఆర్‌పీఎం పడగానే మళ్లీ ఇస్తుంది. మీరు చెప్పిన ఊగిసలాట ఇలాగే పుడుతుంది. న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ నడుస్తుండగా, ఆ వాక్యూమ్ పైపుల్లో ఒకటైన బ్రేక్ బూస్టర్ పైపుకి గుడ్డ చుట్టి ప్లయర్‌తో మెల్లగా నొక్కండి. ఐడిల్ దిగి నిలకడ పడితే లీకు అటువైపే. పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ గాలి దారిలోకి పంపేది) నొక్కినప్పుడు కాస్త దిగడం మామూలే. ఫ్యాన్, బెల్టుల దగ్గర చేతులు జాగ్రత్త. లీకు కోసం వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టనివ్వకండి, నిప్పంటుకుంటుంది.

పైపులు బాగుంటే థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వ్ విప్పించి మసి శుభ్రం చేయించండి. అప్పటికీ తగ్గకపోతేనే కొత్త వాల్వ్. థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పి సరిచేస్తామంటే ఒప్పుకోకండి. అది కదిలితే థ్రాటిల్ పూర్తిగా మూసుకుందో లేదో ఈసీయూకి సరిగా తెలియదు, అసలు లోపం పట్టుకోవడం ఇంకా కష్టమవుతుంది.