రంపం పట్టే ముందు

చి. కార్తీక్‌కు,

ఆశీస్సులు. నీ మోడల్ విమానంలోని 10 సీసీ గ్లో ఇంజన్‌కి ట్యూన్డ్ పైపు కొన్నావని తెలిసి సంతోషం. బిగించు గానీ, ఇంజన్‌నీ పైపునీ కలిపే హెడర్ గొట్టాన్ని పొడవు తగ్గించడానికి అప్పుడే కోయకు.

ఆ పైపు కేవలం పొగ పోవడానికి కాదురా. సిలిండర్ నుంచి పొగ బయటికిపోయే రంధ్రం, అదే ఎగ్జాస్ట్ పోర్టు, తెరుచుకోగానే పీడన తరంగం ఒకటి పైపులోకి దూసుకెళ్తుంది. వెడల్పయ్యే కోన్ దగ్గర కొంత వెనుదిరిగి, పీల్చే తరంగంగా వచ్చి సిలిండర్‌లోని పాత పొగను లాగేస్తుంది. దాంతోపాటు కొత్త ఇంధనం, గాలి మిశ్రమం కూడా కొంత హెడర్‌లోకి జారిపోతుంది. ఇరుకయ్యే కోన్‌ని తాకి వచ్చే తరంగం, పోర్టు మూసుకునేలోపు దాన్ని మళ్ళీ లోపలికి నెడుతుంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ రేసింగ్ బైకుల మీద ఇంజనీర్ వాల్టర్ కాడెన్ పట్టు సాధించింది ఈ విద్యలోనే. 1961 నాటికి 125 సీసీ నుంచి 25 హార్స్‌పవర్ రాబట్టాడు, మహానుభావుడు!

అంతా సమయం మీదే ఉంది. క్రాంక్‌షాఫ్ట్ తిరిగే 360 డిగ్రీల చుట్టులో పోర్టు 150 డిగ్రీలు తెరిచి ఉంటే, 12,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర అది రెండు మిల్లీసెకన్ల పైచిలుకు. వేడి పొగలో తరంగం వేగం సెకనుకి సుమారు 520 మీటర్లు. ఆ సమయంలో తరంగం పోయి తిరిగి రావాలి కాబట్టి, ఆ లెక్కన పిస్టన్ నుంచి ఇరుకు కోన్ మధ్య దాకా 54 సెంటీమీటర్లు రావాలి. 11,000కైతే 59. నీ పోర్టు డిగ్రీలు కొలిచి, నువ్వే లెక్క కట్టు.

వచ్చిన కొలత కన్నా రెండు మూడు సెంటీమీటర్లు పొడవుగానే మొదలుపెట్టు. ఒక్కోసారి 5 మిల్లీమీటర్లకు మించి తగ్గించకు. నేల మీద టాకోమీటర్ (ఆర్‌పీఎం కొలిచేది) చూపే గరిష్ఠం కోసం పాకులాడొద్దు. గాల్లోకి లేచాక ప్రొపెల్లర్ భారం తగ్గి ఆర్‌పీఎం పెరుగుతుంది, పైపు కుదరాల్సింది అక్కడ. ముక్కు పైకెత్తి ఎక్కిస్తున్నప్పుడు ఇంజన్ ఒక్కసారిగా నీరసపడి, మళ్ళీ అందుకుంటుంటే పైపు పొట్టిదైనట్టే. పొడవు పెంచు, లేదా పిచ్ (రెక్కల వంపు) తక్కువున్న ప్రొపెల్లర్ వెయ్యి. ఇంధనం మోతాదు సరిచేసే నీడిల్‌ని బిగించి నెట్టుకురావాలని చూస్తే ఇంజన్ కాలిపోతుంది.

నీడిల్ సంగతి ఇంకొకటి. మిశ్రమంలో ఇంధనం తగ్గి పలచబడితే పొగ వేడెక్కి తరంగం వేగం పెరుగుతుంది, పైపు కోయకుండానే పొట్టిదైనట్టు పనిచేస్తుంది. అందుకని పొడవు మార్చిన ప్రతిసారీ నీడిల్ కాస్త రిచ్ వైపు (ఇంధనం ఎక్కువయ్యేలా) తిప్పి మొదలుపెట్టు. పొడవులు పోల్చి చూస్తున్నంతసేపూ ప్రొపెల్లర్, ఇంధనం మాత్రం మార్చకు.

సిలికాన్ జాయింటు లోపల హెడర్, పైపు అంచులు దాదాపు తగిలేలా ఉంచు, లేకపోతే వేడికి రబ్బరు మాడుతుంది. నీడిల్ తిప్పేటప్పుడు ప్రొపెల్లర్ వెనకే నిలబడు.

ప్రొపెల్లర్ సైజు, ఒక్కో పొడవు దగ్గర వచ్చిన ఆర్‌పీఎం రాసి పంపు. అవి చూశాక ఎక్కడ కోయాలో చెబుతాను.

నీ పెదనాన్న