‘నేనింతే’ అనేస్తే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 34. ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. కొన్నేళ్ల కిందట ఆన్‌లైన్ టెస్ట్ చేస్తే ఇంట్రోవర్ట్‌నని, అంటే నలుగురిలో కన్నా ఒంటరిగా ఉండటమే నచ్చే మనిషినని వచ్చింది. నాలో లోపమేమీ లేదని అప్పుడు హాయిగా అనిపించింది. మొన్న నాకెంతో ఇష్టమైన సీనియర్ రిటైరయ్యారు. నాలుగు మాటలు మాట్లాడమంటే ‘నేను ఇంట్రోవర్ట్‌ని, వదిలేయండి’ అన్నాను. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. జూనియర్‌కు సెలవు ఇవ్వలేదని మేనేజర్‌తో అరగంట వాదించిందీ నేనే. ఇంతకీ నేనెలాంటి మనిషిని?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ అరగంట వాదనను ఒక్క ముక్కలో తేల్చేశారేమిటండీ! మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది అదే. మనకు మనం ఒక పేరు పెట్టుకున్నాక దానికి సరిపడే సంఘటనలే గుర్తుంటాయి. సరిపడనివి ‘ఆ రోజేదో అలా జరిగిపోయింది’ కింద కొట్టుకుపోతాయి.

టెస్టులంటే నాకు కాస్త అనుమానమే. 1948లో అమెరికన్ సైకాలజిస్టు బెర్ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులు 39 మందికి పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లదేనంటూ కాగితాలు పంచారు. ఎంత బాగా కుదిరిందో అయిదుకి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అన్ని కాగితాల్లోనూ ఒకటే రాత! అందులో చాలా వాక్యాలు జాతకాల పుస్తకంలోంచి తీసినవి. మీ టెస్టూ అంతేనని అనను. కానీ చాలామంది ఇంట్రోవర్ట్‌కూ, నలుగురిలో హుషారుగా ఉండే ఎక్స్‌ట్రోవర్ట్‌కూ మధ్యలో ఎక్కడో ఉంటారు. అలాంటి టెస్టులేమో అటో ఇటో తోసేస్తాయి.

ఈసారి ‘ఇంట్రోవర్ట్‌ని’ అనాలనిపిస్తే, ఆ క్షణంలో నిజంగా ఏమవుతోందో చూడండి. గొంతు ఎండుతోందా? ఏడుపొచ్చేస్తుందని టెన్షనా? మాటలు దొరకడం లేదా? గొంతుకైతే నీళ్లు, మాటలకైతే ఒక చీటీ. ఏడుపొస్తే రానివ్వండి, ఇష్టమైన మనిషి వెళ్లిపోతుంటే రాదా మరి! ‘నేనింతే’ అనేశారంటే ఇక చేయడానికి ఏమీ మిగలదు.

డాక్టరు చెప్పిన జబ్బు పేరు వేరే సంగతి. దాన్ని మాత్రం ఇలా వదిలేయకండి.

అలాగని ‘నేను ధైర్యవంతురాలిని’ అని కొత్త బోర్డూ తగిలించుకోవద్దు. నలుగురిలో కూర్చోబుద్ధి కాని రోజు లేచి వచ్చేయండి, కారణం చెప్పక్కర్లేదు. మాట్లాడాలనిపించిన రోజు మాట్లాడండి. ‘నువ్విలా ఉండవే!’ అని మీవాళ్లు ఆశ్చర్యపోతారు, కొందరికి నచ్చకపోవచ్చు కూడా. వాదనకు దిగకండి. వాళ్లకూ అలవాటు కావాలిగా.