స్నాప్ తీసుకుంటే సిటిజెన్‌షిప్ ఆగిపోతుందా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మావారు 2012లో హెచ్‌1బీ మీద వచ్చారు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ నేను హెచ్4 మీదే ఉన్నాను. 2024లో ఆయన కంపెనీ ద్వారా మా ఇద్దరికీ గ్రీన్‌కార్డు వచ్చింది. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు, ఒకరికి తొమ్మిదేళ్లు, ఒకరికి ఐదేళ్లు. మావారి ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఆయన ఒక స్టోర్‌లో ఫుల్‌టైమ్ చేస్తే నెలకు 2,900 డాలర్లు వస్తున్నాయి, అద్దెకే 2,100 పోతోంది. అత్తగారు మాతోనే ఉంటారు. సిటిజెన్ అయిన మా బావగారు స్పాన్సర్ చేస్తే ఆమెకు నిరుడు గ్రీన్‌కార్డు వచ్చింది. స్కూల్లో ఒకావిడ నన్ను స్నాప్‌కి, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు తిండి సరుకుల కోసం ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపులకు, అప్లై చేయమన్నారు. మావారు వద్దంటున్నారు. సిటిజెన్‌షిప్‌కి అడ్డం వస్తుందని ఆయన భయం. ఫుడ్ స్టాంపులన్నీ బయటి దేశాల వాళ్లే తినేస్తున్నారని టీవీల్లో తిడుతున్నారని, ప్రభుత్వమే సంఖ్య తగ్గిస్తుంటే మనం వెళ్లి చేరడమేంటని అంటున్నారు. మాకంటే పేదవాళ్ల వాటా లాక్కున్నట్టవుతుందేమోనని నాకూ మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అప్లై చేయండమ్మా. మీ పిల్లలకు ఆ హక్కు ఉంది. మీ ఇద్దరికీ కూడా ఉండే అవకాశం గట్టిగా కనిపిస్తోంది. దీనివల్ల మీ సిటిజెన్‌షిప్ ఆగదు.

పిల్లలు అమెరికా పౌరులు కాబట్టి వాళ్ల విషయంలో చర్చే లేదు. మీ ఇద్దరి విషయంలో మన వాళ్లు చాలామంది పొరబడుతుంటారు. గ్రీన్‌కార్డు వచ్చాక ఐదేళ్లు ఆగాలన్నది నిజమే, 1996 చట్టం నుంచి వచ్చిన ఆంక్షల్లో అదొకటి. కానీ దానికో మినహాయింపుంది. సోషల్ సెక్యూరిటీ లెక్కలో 40 క్వార్టర్ల పని ఉంటే ఐదేళ్లు ఆగక్కర్లేదు. ఏడాదికి నాలుగు క్వార్టర్లు, అంటే పదేళ్ల పని. హెచ్‌1బీ మీద చేసిన ఉద్యోగానికీ సోషల్ సెక్యూరిటీ పన్ను కోస్తారు కాబట్టి ఆ ఏళ్లన్నీ లెక్కకు వస్తాయి. స్టూడెంట్ వీసా మీద, చదువయ్యాక చేసే ఓపీటీ ఉద్యోగంలో ఆ పన్ను కోయకపోతే ఆ కాలం మాత్రం రాదు. మీవారు 2012 నుంచి పని చేస్తున్నారు కాబట్టి 40 దాటి ఉండాలి. పెళ్లయ్యాక ఆయన సంపాదించిన క్వార్టర్లను భార్యగా మీకూ లెక్కిస్తారు. మీ పేరు మీద ఒక్క రోజు ఉద్యోగం లేకపోయినా ఫర్వాలేదు. గ్రీన్‌కార్డు కోసం పన్నెండేళ్లు, పదిహేనేళ్లు ఎదురుచూసిన మన వాళ్లలో ఎంతోమందికి ఈ మినహాయింపు వర్తిస్తుంది, తెలియక వదిలేసుకుంటున్నారు. సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో మీవారి అకౌంట్ తెరిచి, ఏ ఏడాది ఎంత సంపాదన నమోదైందో ప్రింట్ తీసుకుని దరఖాస్తుకు జత చేయండి.

ఒకవేళ క్వార్టర్లు తక్కువ పడ్డా, పిల్లలిద్దరి కోసమే దరఖాస్తు పెట్టవచ్చు. తమ కోసం అడగని పెద్దవాళ్లు ఇమిగ్రేషన్ కాగితాలు చూపించాల్సిన పని లేదు, ఆదాయం చెబితే చాలు. హెచ్‌1బీ, హెచ్4 మీద ఉన్నవాళ్లకు స్నాప్ రాదు గానీ, వాళ్ల ఇంట్లో పుట్టిన పౌరులకు వస్తుంది. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను.

ఆదాయం సంగతి. ఫెడరల్ నిబంధన ప్రకారం మొత్తం ఆదాయం పేదరిక రేఖకు 130 శాతం దాటకూడదు. నలుగురున్న కుటుంబానికి 2025 అక్టోబరు నుంచి అది నెలకు 3,483 డాలర్లు. న్యూజెర్సీ దాన్ని 185 శాతం దాకా పెంచింది. మీ 2,900 రెండింటికీ లోపలే ఉంది. నలుగురికి గరిష్ఠంగా నెలకు 994 డాలర్లు ఇస్తారు. మీకు ఆదాయం ఉంది కాబట్టి అంత రాదు. అద్దె ఎక్కువ కట్టే ఇళ్లకు లెక్కలో కొంత తగ్గింపు ఇస్తారు కాబట్టి అద్దె అగ్రిమెంటు తప్పకుండా పెట్టండి. 401కే అనే రిటైర్మెంట్ ఖాతాలో దాచుకున్న డబ్బును ఆస్తిగా చూడరు.

పేదవాళ్ల వాటా లాక్కున్నట్టవుతుందన్న మీ బాధ నాకు అర్థమైంది. మన దగ్గర తెల్లకార్డులకు కోటా ఉంటుంది. 2013 ఆహార భద్రత చట్టం గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభా దాకా అని పరిమితి పెట్టింది, అందులోంచి ఏ రాష్ట్రానికి ఎన్నో కేంద్రం తేల్చింది. అక్కడ ఒకరు చేరితే ఇంకొకరు క్యూలో ఆగాల్సి రావచ్చు. స్నాప్ అలా కాదు. అర్హత ఉన్న ప్రతి ఒక్కరికీ చట్టం ప్రకారం ఇచ్చి తీరాల్సిందే, ఇన్ని కుటుంబాలకే అన్న గీత లేదు. మీరు తీసుకుంటే ఎవరి పళ్లెంలోదీ తగ్గదు.

అందుకే ఈ పథకం సంఖ్య పెరుగుతుంది, తగ్గుతుంది. దానికి కారణం వెతకడంలోనే రాజకీయమంతా ఉంది. మీవారి మనసులో నాటుకున్నది కూడా ఆ రాజకీయమే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

2007లో సగటున 2.6 కోట్ల మంది ఫుడ్ స్టాంపులు తీసుకునేవారు. 2008 మాంద్యం వచ్చి కోట్ల కుటుంబాలు దెబ్బతిన్నాక, 2013 నాటికి అది 4.76 కోట్లకు చేరింది. అప్పుడే రిపబ్లికన్ నేత న్యూట్ గింగ్రిచ్ ఒబామాను 'ఫుడ్ స్టాంప్ ప్రెసిడెంట్' అని తిట్టారు. ఉద్యోగాలు పోయినప్పుడు ఆదుకోవడానికే ఈ పథకం ఉంది, సంఖ్య పెరిగిందంటే అది తన పని చేసిందని అర్థం. ఉద్యోగాలు తిరిగొచ్చాక 2019కి 3.57 కోట్లకు తగ్గింది. కోవిడ్‌తో మళ్లీ పెరిగి 2024లో 4.17 కోట్ల దగ్గర ఉంది.

తగ్గిన ప్రతిసారీ కారణం ఉద్యోగాలే కాదు. 1994లో 2.75 కోట్లున్న సంఖ్య 2000కల్లా 1.72 కోట్లకు పడిపోయింది. అప్పట్లో ఆర్థిక వ్యవస్థ బాగుంది, నిజమే. కానీ మధ్యలో క్లింటన్ సంతకం చేసిన 1996 చట్టం పౌరులు కాని చాలామందికి ఫుడ్ స్టాంపులు తీసేసింది. ఆ చట్టం పౌరులైన పిల్లలను ముట్టుకోలేదు. అయినా, పౌరులు కాని తల్లిదండ్రుల ఇళ్లలో ఉన్న ఆ పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. అమ్మానాన్నలు భయపడి ఆఫీసు గడప తొక్కలేదు. 2002లో ఆంక్షలు కొంత సడలించి, గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలకు ఐదేళ్ల నిబంధన తీసేయాల్సి వచ్చింది.

ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్నది అదే. మీవారి మాట విని ఆగిపోతే, ఆ 'తగ్గించిన సంఖ్య'లో మీ ఇద్దరు పిల్లలు కూడా ఉంటారు. వాళ్ల అవసరం తీరి కాదు, ఇంట్లో పెద్దవాళ్లు భయపడ్డారు కాబట్టి. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

బయటివాళ్లే తినేస్తున్నారన్న మాటకూ లెక్క చూడండి. అమెరికా వ్యవసాయ శాఖ 2023 లెక్కల ప్రకారం స్నాప్ తీసుకున్నవాళ్లలో 89 శాతానికి పైగా అమెరికాలోనే పుట్టిన పౌరులు. బయట పుట్టి పౌరసత్వం తీసుకున్నవాళ్లు మరో 6 శాతం. పౌరులు కానివాళ్లందరూ కలిపి 5 శాతంలోపే, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కూడా అందులోనే. కాగితాలు లేకుండా ఉన్నవాళ్లకు ఈ పథకం ఎప్పుడూ లేదు.

2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం వల్ల రాబోయే రోజుల్లో సంఖ్య ఇంకా తగ్గుతుంది. పని చేస్తేనే స్నాప్ అన్న నిబంధన 64 ఏళ్ల వరకు పెట్టారు, పిల్లలు 14 ఏళ్ల లోపు ఉంటేనే తల్లిదండ్రులకు మినహాయింపు. శరణార్థులను చాలావరకు తీసేశారు, గ్రీన్‌కార్డు వాళ్లను ఉంచారు. పని నిబంధన ఒక్కదాని వల్లే నెలకు సగటున 24 లక్షల మంది తగ్గుతారని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు అంచనా. మీ పిల్లలు చిన్నవాళ్లు, మీవారు ఫుల్‌టైమ్ చేస్తున్నారు కాబట్టి ఇది మీకు తగలదు. మీకు తగిలేది ఇంకోటి ఉంది. 2027 అక్టోబరు నుంచి చెల్లింపుల్లో తప్పులు 6 శాతం, ఆపైన ఉన్న రాష్ట్రాలు సొంత డబ్బు కలపాలి. ఆ భయంతో ఆఫీసులు ప్రతి కాగితాన్నీ పట్టి చూస్తాయి. పే స్లిప్పులు, బిల్లులు ఒక ఫైలులో ఉంచుకోండి, రెన్యువల్ ఉత్తరం వస్తే ఒక్క రోజు కూడా పక్కన పెట్టకండి.

ఇక సిటిజెన్‌షిప్. మీవారి భయానికి పేరు పబ్లిక్ చార్జ్. ప్రభుత్వం మీద ఆధారపడతారని గ్రీన్‌కార్డు నిరాకరించే నిబంధన అది. ట్రంప్ మొదటి హయాంలో, 2020 ఫిబ్రవరి నుంచి ఏడాది పాటు స్నాప్‌ను కూడా అందులో లెక్కించారు, 2021 మార్చిలో అది రద్దయింది. 2022 నిబంధన స్నాప్‌ను స్పష్టంగా పక్కన పెట్టింది. దాన్ని కూడా తీసేస్తామని 2025 నవంబరులో ప్రతిపాదన పెట్టారు. గ్రీన్‌కార్డు ఇంకా రానివాళ్లు తమ కోసం ఏ సాయమైనా తీసుకునే ముందు లాయర్‌ని అడగాల్సింది అందుకే. మీకు కార్డు వచ్చేసింది. పౌరసత్వ దరఖాస్తుకు పబ్లిక్ చార్జ్ పరీక్ష లేదు. అబద్ధం చెప్పి తీసుకుంటేనే చిక్కు. ఆదాయం ఉన్నదున్నట్టు రాయండి, మీవారికి నగదు రూపంలో ఏదైనా వస్తే అదీ రాయండి.

అత్తగారి సంగతి వేరు. ఆమెకు ఐదేళ్లు నిండలేదు, పెద్దయ్యాక కొడుకులు చేసిన ఉద్యోగాల క్వార్టర్లు తల్లికి కలవవు. పైగా బావగారు స్పాన్సర్‌గా ఐ-864 మీద, అంటే ఆమె పోషణ బాధ్యత తనదేనన్న పత్రం మీద, సంతకం పెట్టారు. ఆమె పేరు మీద సాయం తీసుకుంటే ఆ ఖర్చు ఆయన్ని తిరిగి కట్టమని అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది. కాబట్టి ఆమె మీ ఇంట్లోనే ఉంటారని రాయండి, ఆమె కోసం మాత్రం అడగకండి. అలా చేస్తే బావగారి జీతం మీ పిల్లల లెక్కలోకి రాదు. ఆయన ప్రతి నెలా మీ చేతికి ఇచ్చే డబ్బేమైనా ఉంటే మాత్రం చెప్పాలి.

దరఖాస్తు మీ కౌంటీ సోషల్ సర్వీసెస్ ఆఫీసులో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వవచ్చు. 30 రోజుల్లో తేల్చాలి, చేతిలో డబ్బు బొత్తిగా లేని ఇళ్లకు 7 రోజుల్లో. 'గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు కాలేదు' అని కౌంటర్ దగ్గరే వెనక్కి పంపితే వెళ్లిపోకండి, 40 క్వార్టర్ల మాట ఎత్తండి. అయినా కాదంటే తిరస్కరణ కాగితం మీద ఇమ్మని అడగండి. దాని మీదున్న తేదీ నుంచి 90 రోజుల్లోగా ఫెయిర్ హియరింగ్, అంటే ఆ నిర్ణయం మీద విచారణ, కోరవచ్చు, దానికి ఫీజు లేదు. మీ ప్రాంతంలోని లీగల్ ఎయిడ్ వాళ్లు ఇలాంటి కేసుల్లో ఉచితంగా సాయం చేస్తారు.