మత్తు ఇచ్చాక బీపీ పడిపోతుందని ముందే తెలుస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. వచ్చే వారం బైపాస్ ఆపరేషన్. మత్తు ఇవ్వగానే బీపీ పడిపోవచ్చని మత్తు డాక్టరు గారు చెప్పారు. ఇన్నేళ్లూ బీపీ ఎక్కువని మందులు మింగిన మనిషికి తగ్గడమేమిటి? ఎంత పడుతుందో ముందే చెప్పలేరా?

జవాబు: బీపీ ఎక్కువున్న వాళ్లకే గట్టిగా పడుతుందండీ. వాళ్లలో ఆ బీపీని నిలబెట్టేది చాలావరకు రక్తనాళాల బిగువే. ప్రొపొఫాల్ లాంటి మత్తు మందు ఎక్కగానే ఆ బిగువు సడలుతుంది. సిరలు సాగి రక్తం కాళ్లలో, పొట్టలో నిలిచిపోతుంది. గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది. ఆపైన వెంటిలేటర్ గాలిని ఒత్తిడితో నెడుతుంది కాబట్టి ఆ వచ్చే కాస్త రక్తానికీ ఛాతీలో అడ్డు పడుతుంది. మామూలుగా బీపీ తగ్గితే నాడి వేగం పెరిగి సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి షుగరున్న వారిలో ఆ పని చేసే నరాలే దెబ్బతిని ఉండొచ్చు.

మేం చూసేది సగటు పీడనం. 130/70 ఉంటే, కింది అంకెకు తేడాలో మూడో వంతు కలపాలి: 70, 20 కలిసి 90. అది 65 కన్నా తగ్గినా, మొదట ఉన్నదాంట్లో 20 నుంచి 30 శాతం పడినా వెంటనే సరిదిద్దాలి. ఒంటికంతా రక్తాన్ని తోసే ఎడమ జఠరిక (గుండె కింది ఎడమ గది) కండరానికి రక్తం అందేది ప్రధానంగా గుండె వదులైనప్పుడే. పూడుకున్న ధమని అవతల ఒత్తిడి తగ్గితే ఆ కండరం నీరసిస్తుంది, నీరసిస్తే బీపీ ఇంకా పడుతుంది. ఈ సుడిలోకి దిగనివ్వకూడదనే మా తాపత్రయమంతా.

ఎన్ని పాయింట్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఎవరికి పడుతుందో మాత్రం చాలావరకు పసిగట్టొచ్చు. పెద్ద వయసు, గుండె పంపింగ్ శాతం తక్కువ కావడం, గుండె నుంచి రక్తం బయటికొచ్చే బృహద్ధమని కవాటం ఇరుకు కావడం, ఒంట్లో నీరు తీసే మాత్రలు, అత్యవసర ఆపరేషన్ ఇవన్నీ హెచ్చరికలే. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే నరాల సర్దుబాటు సరిగా లేదనో, ఒంట్లో నీరు తక్కువైందనో అనుమానించాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, చేయకుండా వదిలేయడం నాకు నచ్చదు.

ప్రశ్న: నేను మత్తు విభాగంలో శిక్షణలో ఉన్నాను. ధమనిలో ప్రతి నాడికీ ఒత్తిడి గీసే తరంగాన్ని చదివి, బీపీ పడబోతోందని 0 నుంచి 100 లోపు అంకెతో చెప్పే మానిటర్లు వచ్చాయి. 85 దాటితే అలారం. గుండె ఆపరేషన్లలో నమ్మొచ్చా?

జవాబు: సాయంగా పెట్టుకోండి, దాని మీదే ఆనుకోవద్దు. ఆ అంకె చాలావరకు అప్పటి సగటు పీడనాన్నే అనుసరిస్తుందన్న విమర్శ ఉంది. 72 దగ్గర ఉండి జారుతున్న బీపీ మన కంటికీ కనిపిస్తుంది. సర్జన్ గుండెను చేత్తో ఎత్తితే ఒక్కసారిగా పడేదాన్ని ఏ లెక్కా ముందుగా పట్టలేదు. గుండె, ఊపిరితిత్తుల పని చేసే బైపాస్ యంత్రం మీద నాడి తరంగమే ఉండదు, అక్కడ దానికి పనే లేదు. నాడి ఒత్తిడి (పై, కింది అంకెల తేడా) వెంటిలేటర్ శ్వాసతో పాటు 13 శాతం మారుతుంటే సెలైన్‌కు స్పందిస్తారన్న లెక్క కూడా ఛాతీ తెరిచాక, గుండె లయ తప్పినప్పుడు చెల్లదు.

అసలు మోసం తరచుగా ట్రాన్స్‌డ్యూసర్ దగ్గర జరుగుతుంది. ధమనిలో ఒత్తిడిని కొలిచి మానిటర్‌కు పంపే ఆ పరికరం గుండె కుడి పై గది (కుడి కర్ణిక) ఎత్తులో ఉండాలి. టేబుల్‌ను 10 సెంటీమీటర్లు లేపి దాని స్టాండును అలాగే వదిలేస్తే, మానిటర్ దాదాపు 7.5 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అసలు 60 ఉంటే తెర మీద 67 పైన కనిపిస్తుంది, అలారం మోగదు. టేబుల్ కదిపిన ప్రతిసారీ ఎత్తు సరిచూడండి. ధమని నుంచి దానికి వచ్చే గొట్టంలో గాలి బుడగ ఉంటే తరంగం మొద్దుబారి, పై అంకె తక్కువగా చూపుతుంది.

ఇంకోటి. పంపింగ్ తక్కువున్న రోగిలో మందు చేతి నుంచి మెదడుకు చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. "ఇంకా నిద్రపోలేదే" అని తొందరపడి రెండో మోతాదు తోస్తారు. కాసేపటికి రెండూ కలిసి పనిచేసి బీపీ కుప్పకూలుతుంది. ధమని లైను (బీపీని నిరంతరం చూపే, ధమనిలో పెట్టే సన్నని గొట్టం) ముందే వేసుకోండి, మందు మెల్లగా, కొద్దికొద్దిగా ఇవ్వండి. బీపీ పెంచే నార్అడ్రినలిన్ మందు పంపు కట్టి సిద్ధంగా ఉంచండి. పడ్డాక కలుపుకోవడం మొదలుపెడితే ఆ రెండు నిమిషాలు చాలా ఖరీదైనవి.

ప్రశ్న: ఆపరేషన్‌కు ముందు బీపీ మాత్రలు ఏవి ఆపాలి?

జవాబు: మీ డాక్టరు చెప్పకుండా ఏదీ ఆపకండి. సాధారణంగా రామిప్రిల్, టెల్మిసార్టన్ రకం మందులు 24 గంటల ముందు ఆపిస్తారు, వాటివల్ల మత్తులో పడ్డ బీపీ మొండికేస్తుంది. మెటోప్రొలాల్ రకం మాత్రం ఆ ఉదయం కూడా గుక్కెడు నీళ్లతో వేయిస్తారు, అర్ధాంతరంగా ఆపితే గుండెకే ప్రమాదం. చిక్కేమిటంటే, ఈ రెండూ కలిపి ఒకే మాత్రగా వచ్చేవి ఉన్నాయి. అందుకే పేరు గుర్తుపెట్టుకుని చెప్పడం కాదు, స్ట్రిప్‌లే వెంట తెచ్చుకుని, చివరి మాత్ర ఎన్నింటికి వేశారో కాగితం మీద రాసి ఇవ్వండి.